మిల్లు గోడల మధ్య ఇల్లు: పాత పారిశ్రామిక భవనాల పునర్వినియోగం – తెలుగువారి అనుభవం

వ్యాస సంగ్రహం

మూతపడిన కర్మాగారాలను, గిడ్డంగులను నివాసగృహాలుగా మార్చి అమ్మడం ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో న్యూయార్క్ వంటి నగరాల్లో మొదలై క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. ఇలాంటి ఇంటిని ‘లాఫ్ట్’ అంటారు. తెలుగు ప్రాంతాల్లోనూ, తెలుగు కార్మికులు వలసవెళ్ళిన నగరాల్లోనూ మిల్లులు మూతపడ్డాయి. అయితే చాలాచోట్ల భవనం ఇల్లుగా మారలేదు. భవనం పోయి స్థలం మాత్రమే అమ్ముడైంది. ఈ తేడా ఎందుకు వచ్చిందో న్యూయార్క్, లండన్, బొంబాయి, వరంగల్, హైదరాబాదు నగరాల ఉదాహరణలతో చర్చించి, దాని వెలుగులో హిందూపురం, ధర్మవరం, కదిరి, తనకల్లు ప్రాంతంలోని పాత పనిస్థలాల భవిష్యత్తును పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: లాఫ్ట్, పారిశ్రామిక వారసత్వం, ఆజంజాహీ మిల్లు, ధర్మవరం మగ్గం, మిల్లు భూములు, పునర్వినియోగం, తనకల్లు.

1. ఉపోద్ఘాతం

పట్టణ చరిత్రను రాసేటప్పుడు కోటలకు, దేవాలయాలకు, రాజభవనాలకు దక్కిన శ్రద్ధ కర్మాగారాలకు దక్కలేదు. పెనుకొండ గగనమహల్ గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. అదే జిల్లాలో వేరుశనగ కాయలు ఒలిచిన మిల్లుల గురించి, పట్టు దారం తీసిన షెడ్ల గురించి రాసినవారు బహు తక్కువ. పని జరిగినంత కాలం అవి ‘మిల్లులు’. పని ఆగిన మరునాటి నుంచి అవి ‘స్థలాలు’. ఒక కట్టడాన్ని పిలిచే మాట మారితే దాని విలువను లెక్కగట్టే పద్ధతి కూడా మారుతుంది. ఈ వ్యాసం ఆ మార్పును అనుసరిస్తుంది.

ఈ విషయంలో మూడు ప్రశ్నలు ముఖ్యమైనవి. పని ఆగిన భవనం ఎవరిది? దాన్ని ఇల్లుగా మార్చే హక్కు ఎవరికి ఉంది? అక్కడ పనిచేసినవారికి ఆ మార్పులో ఏ వాటా దక్కింది? ఇంటిని కొనేవాడు సాధారణంగా మొదటి ప్రశ్నను మాత్రమే అడుగుతాడు. చరిత్ర మూడింటినీ అడగవలసి ఉంటుంది.

2. ‘లాఫ్ట్’: మాట, వస్తువు

తెలుగు ఇళ్ళలో ‘లాఫ్ట్’ అనే మాట కొత్తది కాదు. వంటగదిలోనో పడకగదిలోనో గోడకు పైభాగాన పోసిన సిమెంటు పలకను లాఫ్ట్ అంటున్నాం. పండుగకు మాత్రమే దించే పెద్ద గిన్నెలు, పాత పెట్టెలు అక్కడ ఉంటాయి. పూర్వం ఈ పనిని అటక చేసేది. ఇంగ్లీషులో ఈ మాటకు పై అంతస్తు, కప్పు కింది ఖాళీ అనే అర్థాలు ఉన్నాయి. గిడ్డంగి లేదా కర్మాగారం పై అంతస్తుల్లో అడ్డుగోడలు లేకుండా ఉండే విశాలమైన హాలుకు కూడా ఆ మాట వాడుకలోకి వచ్చింది.

ఆ హాలు ఆకారాన్ని నిర్ణయించినది అందులో జరిగిన పని. యంత్రాలు పట్టడానికి ఎత్తైన కప్పు, సరుకు కదలడానికి అడ్డులేని నేల, విద్యుద్దీపాలు రాకముందు పగటి వెలుతురు కోసం పెద్ద కిటికీలు, బరువు మోయడానికి పోత ఇనుప స్తంభాలు అవసరమయ్యాయి. నేడు లాఫ్ట్ కొనేవారు ఎక్కువ ధర పెట్టేది సరిగ్గా ఈ లక్షణాలకే. అంటే ఒకనాటి ఉత్పత్తి అవసరం నేటి ఇంటి అందంగా అమ్ముడవుతోంది.

3. ఇంట్లో మగ్గం: ధర్మవరం నమూనా

కర్మాగారంలోకి ఇల్లు రావడాన్ని అర్థం చేసుకోవడానికి, ఇంట్లోకి పనిస్థలం వచ్చిన ఉదాహరణ ఒకటి మనకు దగ్గరలోనే ఉంది. ధర్మవరం పట్టుచీరలకు పేరుపొందిన ఊరు. అక్కడి సంప్రదాయ నేత కుటుంబంలో మగ్గం ఉన్న గదే ఇంటికి కేంద్రం. గుంత మగ్గానికి నేలలో గుంత తవ్వాలి. నేతగాడు గుంత అంచున కూర్చుని కాళ్ళతో తొక్కుడు చెక్కలను నడుపుతాడు. మగ్గం పైన జాకార్డు చట్రం అమర్చాలంటే కప్పు తగినంత ఎత్తులో ఉండాలి. పడుగు సాగడానికి గది పొడవు కావాలి. నేత కార్మికుడు ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు పడకకు చోటుందా అన్నదానికంటే ముందు మగ్గానికి చోటుందా అని చూడక తప్పదు.

ఇక్కడ పని, నివాసం ఒకే కప్పు కింద ఉన్నాయి. ఇందులో సౌకర్యం ఉంది, కష్టమూ ఉంది. ఇంటిల్లిపాదీ పనిలో పాలుపంచుకుంటారు కాబట్టి స్త్రీల, పిల్లల శ్రమ కూలి లెక్కలోకి రాకుండా పోతుంది. మగ్గం గుంతలోకి వర్షపు నీరు చేరితే పని ఆగి ఆదాయం పోతుంది, ఇల్లూ పాడవుతుంది. అయినా ఒక విషయం స్పష్టం: ఇల్లు తనదైన నేత కుటుంబానికి పనిస్థలం మీద కూడా హక్కు ఉంటుంది. పని తగ్గిపోయినా ఆ గది వారిదే. మిల్లు కార్మికుడి పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అతడు ముప్పై ఏళ్ళు నిలబడి పనిచేసిన నేల మీద అతడికి ఒక్క అడుగు హక్కు కూడా లేదు. మిల్లు భవనం ఇల్లుగా మారినప్పుడు ఈ భేదమే కీలకమవుతుంది.

4. కర్మాగారంలో ఇల్లు: న్యూయార్క్ సోహో

న్యూయార్క్ మన్‌హాటన్ దీవిలో హ్యూస్టన్ వీధికి దక్షిణాన ఉన్న ప్రాంతం పేరు సోహో. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో అక్కడ పోత ఇనుప ముఖభాగాలున్న గిడ్డంగులు, కర్మాగారాలు వరుసగా వెలిశాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెద్ద పరిశ్రమలు తరలిపోయి చిన్న పరిశ్రమలు మిగిలాయి. తరచూ జరిగే అగ్నిప్రమాదాల వల్ల ఆ ప్రాంతానికి ‘నరకపు నూరెకరాలు’ అనే పేరు కూడా వచ్చింది.

ఆ ప్రాంతాన్ని కూలగొట్టాలన్న ఒత్తిడి పెరిగినప్పుడు నగర ప్రణాళికా సంఘం కోసం చెస్టర్ రాప్కిన్ ఒక అధ్యయనం చేశాడు. 1963లో వెలువడిన ఆ నివేదిక, ఆ భవనాలు ఖాళీగా లేవని, వాటిలోని చిన్న పరిశ్రమలు నల్లజాతీయులకు, ప్యూర్టోరికో నుంచి వచ్చినవారికి ఉపాధి కల్పిస్తున్నాయని చూపింది. అదే ప్రాంతం గుండా రాబర్ట్ మోజెస్ ప్రతిపాదించిన ఎక్స్‌ప్రెస్ రహదారిని ప్రజలు ప్రతిఘటించారు. 1969లో ఆ ప్రణాళిక రద్దయింది. జేన్ జేకబ్స్ ఆ పోరాటంలో ముందున్నారు. కొత్త ప్రయత్నాలు తక్కువ అద్దె గల పాత భవనాల్లోనే మొలకెత్తగలవని 1961లో వచ్చిన తన గ్రంథంలో ఆమె వాదించారు.

ఈలోగా చిత్రకారులు, శిల్పులు తక్కువ అద్దె కోసం ఆ లాఫ్టుల్లో చేరారు. పారిశ్రామిక మండలంలో నివాసం చట్టవిరుద్ధం. అందుకే పరుపులను, పొయ్యిలను తనిఖీ అధికారుల కంట పడకుండా దాచుకుని బతికారు. 1967 నాటికి జార్జ్ మాసియూనస్ వూస్టర్ వీధిలోని 80వ నంబరు భవనంలో కళాకారుల సహకార సంఘాన్ని నెలకొల్పి, లాఫ్టును ఉమ్మడిగా కొనుక్కునే పద్ధతికి దారి చూపాడు. 1971లో నగరం, గుర్తింపు పొందిన కళాకారులు అక్కడ నివసించడాన్ని చట్టబద్ధం చేసింది. 1973లో సోహో చారిత్రక మండలంగా ప్రకటితమైంది. 1982లో న్యూయార్క్ రాష్ట్రం ‘లాఫ్ట్ చట్టం’ తెచ్చింది. 1980 ఏప్రిల్ 1 నుంచి 1981 డిసెంబరు 1 వరకు గల కాలంలో వరుసగా పన్నెండు నెలలపాటు కనీసం మూడు కుటుంబాలు విడివిడిగా నివసించిన వాణిజ్య భవనాలకు అది వర్తించింది. యజమాని ఆ భవనాన్ని నివాసానికి తగిన భద్రతా ప్రమాణాలకు తేవాలి. అద్దెదారును వెళ్ళగొట్టడానికి వీల్లేదు.

ఈ చట్టంలోని మూలసూత్రం గమనించదగ్గది. భవనాన్ని ఇల్లుగా మార్చినది అందులో బతికినవారే గనుక, వారి నివాసానికే చట్టం రక్షణ ఇచ్చింది. అయితే దీనికి మరో ముఖం ఉంది. అదే 1982లో షారన్ జూకిన్ తన ‘లాఫ్ట్ లివింగ్’ గ్రంథంలో, పరిశ్రమలు వాటంతట అవే పోలేదని, పన్ను రాయితీలు, భూమి విలువ, కళాకారుల జీవనశైలికి పెరిగిన గిరాకీ కలిసి కార్మికులను బయటికి నెట్టాయని విశ్లేషించారు. కొంతకాలానికి కళాకారులకు కూడా అక్కడి అద్దెలు అందకుండా పోయాయి. రాప్కిన్ లెక్కించిన కార్మికులకు మాత్రం లాఫ్ట్ చట్టంలో చోటు దొరకలేదు. సోహో ఉదాహరణ మనకు ఆదర్శం కాదు. భవనం మిగిలితే దానిపై హక్కుల గురించి వాదించడానికి కనీసం ఆస్కారం ఉంటుందని చెప్పే సాక్ష్యం మాత్రమే.

5. బొంబాయి మిల్లులు, తెలుగు కార్మికులు

తెలుగువారి అనుభవంలో ఈ చరిత్ర మొదట బొంబాయిలో ఎదురవుతుంది. నిజాం రాజ్యం నుంచి భవన నిర్మాణ పనులకు వెళ్ళిన కామాటీల పేరు మీదుగా కామాటిపుర అనే పేరు వచ్చింది. తర్వాతి కాలంలో తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు అనేకం బొంబాయి, షోలాపూర్ మిల్లులకు వలసవెళ్ళాయి. ఇంటి మగ్గం మీద నేర్చిన విద్య మిల్లు మగ్గం దగ్గర ఉపాధినిచ్చింది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె అధికారికంగా విరమణ కాకుండానే కరిగిపోయింది. తర్వాతి దశాబ్దంలో మిల్లుల విలువ నూలులో కాక నేలలో ఉందని యజమానులకు అర్థమైంది. 1991లో వచ్చిన అభివృద్ధి నియంత్రణ నిబంధన 58 ప్రకారం మిల్లు భూమిని పునరభివృద్ధి చేస్తే స్థూలంగా మూడింట ఒక వంతు నగరపాలక సంస్థకు బహిరంగ స్థలంగా, మరో వంతు ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగతా వంతు యజమానికి చెందాలి. 1996లో వాస్తుశిల్పి చార్లెస్ కొరియా నేతృత్వంలోని సంఘం మిల్లు భూములన్నిటినీ కలిపి ఒకే ప్రణాళికగా చూడాలని సూచించింది.

కానీ 2001లో చేసిన సవరణ ఈ పంపకాన్ని అప్పటికే ఖాళీగా ఉన్న భూమికి మాత్రమే పరిమితం చేసింది. భవనాలు నిలిచివున్న నేల లెక్కలోకి రాలేదు. మూడింట ఒక వంతు అన్న మాట మిగిలింది గాని, దేనిలో మూడో వంతు అన్నది మారిపోయింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అంతకు ముందు సంవత్సరమే జాతీయ జౌళి సంస్థ తన అధీనంలోని బొంబాయి మిల్లుల భూములను వేలం వేసింది. అందులో ముంబై టెక్స్‌టైల్ మిల్లు భూమి ఒక్కదానికే 702 కోట్ల రూపాయలు పలికాయి.

కొన్ని మిల్లుల్లో పాత షెడ్లు నిలిచి దుకాణాలు, కార్యాలయాలు, భోజనశాలలు అయ్యాయి. ఫీనిక్స్ మిల్లు ఆవరణలో పొగగొట్టం అలంకారంగా మిగిలింది. ఇలాంటి మార్పులో భద్రతను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2017 డిసెంబరు 29న కమలా మిల్స్ ఆవరణలోని పబ్బుల్లో చెలరేగి 14మందిని బలిగొన్న అగ్నిప్రమాదం చూపింది. పాత గోడకు కొత్త రంగు వేస్తే మాత్రమే చాలదు. వాడకం మారినప్పుడు భవనం లోపలి దారులు, మెట్లు, నీటి ఏర్పాటు కూడా మారాలి.

6. వరంగల్ ఆజంజాహీ మిల్లు

తెలుగునేల మీద ఈ చరిత్రకు కేంద్ర ఉదాహరణ వరంగల్‌లోని ఆజంజాహీ మిల్లు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1934లో ఇది స్థాపితమైంది. నిజాం పెద్ద కుమారుడు ఆజంజా పేరు దీనికి పెట్టారు. తెలంగాణ పత్తిని వడికి, నూలుగా మార్చి, గుడ్డగా నేసే దాకా పని ఒకే ఆవరణలో జరిగేది. రైలు మార్గం మీద ఉన్న పట్టణం, చుట్టూ పత్తి పండే నేల, నేత వృత్తిలో ఆరితేరిన కుటుంబాలు: ఈ మూడూ కలిసిన చోట మిల్లు వెలిసింది. వరంగల్‌కు కార్మిక నగరమనే గుర్తింపు రావడంలో దీని పాత్ర పెద్దది.

1974 నాటి జాతీయీకరణ చట్టం తర్వాత అది జాతీయ జౌళి సంస్థ నిర్వహణలో కొనసాగింది. అదే సంస్థ కింద రాయలసీమలో ఆదోని కాటన్ మిల్లు, తాడిపత్రిలోని అనంతపురం కాటన్ మిల్లు, రేణిగుంటలోని తిరుపతి కాటన్ మిల్లు కూడా ఉండేవి. పాతబడిన యంత్రాలు, పవర్‌లూమ్ గుడ్డతో పోటీ, పెట్టుబడి కొరత వీటిని దెబ్బతీశాయి. ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడింది. స్వచ్ఛంద పదవీ విరమణ పేరుతో కార్మికులు ఇళ్ళకు చేరారు.

ఆ తర్వాత జరిగినది క్లుప్తంగా చెప్పవచ్చు. యంత్రాలు పోయాయి. భవనాలు పోయాయి. మిల్లు భూమిలో అధిక భాగం పట్టణాభివృద్ధి సంస్థ ద్వారా ప్లాట్లుగా మారి అమ్ముడైంది. నడిబొడ్డున ఉన్న ఆ నేలకు గిరాకీ బాగా పలికింది. ఆ షెడ్లలో ఏ ఒక్కటీ పాఠశాలగానో, సంగ్రహాలయంగానో, నివాసాల సముదాయంగానో మారలేదు. మాజీ కార్మికులు మాత్రం ఇళ్ళ స్థలాల కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగినప్పుడు, ఆజంజాహీ మిల్లు జ్ఞాపకం మళ్ళీ చర్చకు వచ్చింది. పాత మిల్లు ఊరి మధ్యన నేలమట్టమైతే, కొత్త పార్కు ఊరి వెలుపల పొలాల్లో మొదలైంది.

ఇక్కడ ఒక వాదం వినిపిస్తుంది: శిథిలమైన షెడ్లను నిలుపుకోవడం ఖర్చుతో కూడిన పని, ప్రజలకు కావలసింది ఇళ్ళ స్థలాలే కదా అని. ఈ వాదంలో కొంత న్యాయం ఉంది. అన్ని భవనాలనూ నిలపడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కానీ ఆజంజాహీ విషయంలో ఏ భవనాన్ని నిలపాలి, దేన్ని వదలాలి అన్న ఎంపికే జరగలేదు. ఎంపిక చేయడానికి కావలసిన జాబితా ఉండి, దానికి చట్టబలం కూడా ఉంటేనే అలాంటి ఎంపిక సాధ్యమయ్యేది.

7. రెండు విద్యుత్ కేంద్రాలు

జాబితా చేయగల మేలును చూపడానికి ఒకే ఏడాది ఆగిపోయిన రెండు కట్టడాలను పోల్చవచ్చు. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో నిజాం ప్రభుత్వం థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బ్యాటర్సీ విద్యుత్ కేంద్రపు మొదటి భాగం 1930లలో, రెండో భాగం 1950లలో పూర్తయ్యాయి. రెండూ బొగ్గుతో నడిచాయి, రెండూ 1983లో ఆగిపోయాయి.

బ్యాటర్సీ భవనానికి 1980లోనే రక్షిత కట్టడంగా గుర్తింపు వచ్చింది. అందువల్ల తర్వాతి ప్రయత్నాలు ఒకదాని వెంట ఒకటి విఫలమై, కప్పు ఊడి, గోడలు ఎండకూ వానకూ నిలిచినా, దాన్ని పడగొట్టే హక్కు ఏ కొనుగోలుదారుకూ దొరకలేదు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత, 2022 అక్టోబరులో, అది ఇళ్ళతో, దుకాణాలతో, కార్యాలయాలతో మళ్ళీ తెరుచుకుంది. ఆ ఇళ్ళ ధరలు సామాన్యుడికి అందవన్నది వేరే చర్చ. కట్టడమైతే నిలిచింది.

హుస్సేన్‌సాగర్ కేంద్రానికి అలాంటి రక్షణ లేదు. 1995 నాటికి అది నేలమట్టమైంది. తర్వాత ఆ పరిసరాల్లో ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఐమ్యాక్స్ వెలిశాయి. విచిత్రమేమంటే అదే 1995 డిసెంబరులో హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ నిబంధనల్లో వారసత్వ కట్టడాల రక్షణకు 13వ నిబంధన చేరింది. 1998లో 137 కట్టడాల జాబితా వెలువడింది. దేశంలో బొంబాయి తర్వాత ఇలాంటి నిబంధనను తొలుత తెచ్చుకున్న నగరాల్లో హైదరాబాదు ఒకటి. అయితే విద్యుత్ కేంద్రానికి అది ఆలస్యంగా వచ్చింది. 2015లో ఆ నిబంధన కూడా తొలగిపోయింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం వారసత్వ చట్టం తెచ్చింది.

8. భూమి, చట్టం, కొనుగోలుదారు

పై ఉదాహరణలను కలిపి చూస్తే, తెలుగు ప్రాంతాల్లో పాత కర్మాగారం ఇల్లుగా మారకపోవడానికి మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది భూమి స్వభావం. మిల్లులకు, పారిశ్రామికవాడలకు భూమి తరచుగా ప్రభుత్వం నుంచి నామమాత్రపు ధరకో, కౌలుకో, పరిశ్రమ నడపాలన్న షరతుపైనో అందింది. హైదరాబాదు ఆజామాబాద్ పారిశ్రామికవాడ ఇందుకు నిదర్శనం. అక్కడి కౌళ్ళ రద్దు, క్రమబద్ధీకరణ కోసం 1992లో ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం కింద కూడా పరిశ్రమల పేరుతో మినహాయింపులు లభించాయి. ఆంధ్రప్రదేశ్ 2008లో ఆ చట్టం రద్దును స్వీకరించింది. పరిశ్రమ కోసం ఇచ్చిన రాయితీ పరిశ్రమ పోయాక ఎవరికి చెందాలన్నది ఈనాటికీ వివాదమే.

రెండోది అడుగు ధర. లాఫ్టులో విలువ భవనపు ఎత్తులో, గోడల్లో ఉంటుంది. మన నగరాల్లో విలువ అనుమతించిన అంతస్తుల సంఖ్యలో ఉంటుంది. ఒక అంతస్తు షెడ్డు నిలబడివుంటే దాని మీద కట్టగలిగిన ఇరవై అంతస్తులు పోయినట్టే అని బిల్డరు లెక్క. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం తర్వాత ఫ్లాటు కొనడమంటే గోడల మధ్య చోటుతో పాటు నేలలో అవిభాజ్య వాటా కొనడమని మధ్యతరగతి నేర్చుకుంది. ఆ వాటా విలువను పెంచే లెక్కలో పాత గోడకు స్థానం లేదు. బెంగళూరు మల్లేశ్వరంలో రాజా మిల్లు ఉన్నచోట మాల్ రావడమూ, బిన్నీ మిల్లు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు రావడమూ ఈ లెక్క ఫలితమే.

మూడోది చట్టంలోని ఖాళీ. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర వాడకానికి మార్చడానికి 2006లో ప్రత్యేక చట్టం వచ్చింది. మాస్టర్ ప్లానులో భూవినియోగ మార్పిడికి 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టంలో మార్గం ఉంది. రెండూ నేల గురించి మాట్లాడతాయి. కర్మాగార భవనాన్ని నిలుపుకుంటూ నివాసంగా మార్చేవారికి రాయితీలు, ప్రమాణాలు, పాత కార్మికులకు వాటా కలిపి నిర్దేశించే చట్టం తెలుగు రాష్ట్రాల్లో రాలేదు.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత అత్యవసరమైంది. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు బాహ్యవలయ రహదారి లోపలి పారిశ్రామికవాడల్లోని దాదాపు 9,292 ఎకరాలను, రుసుము తీసుకుని, నివాస, వాణిజ్య అవసరాలకు మార్చడానికి వీలు కల్పించే విధానాన్ని ప్రకటించింది. కాలుష్యాన్ని ఊరి వెలుపలికి పంపడం దాని ఉద్దేశంగా చెప్పారు. ప్రభుత్వ భూమి విలువ ప్రైవేటు చేతుల్లోకి పోతుందని విమర్శకులు ఆక్షేపించారు. ఉభయపక్షాల చర్చా ఎకరాలు, రూపాయల చుట్టూ సాగింది. ఆ ఎకరాల్లో ఏ భవనాలు ఉన్నాయి, ఎవరు పనిచేశారు అన్నది అందులో పెద్దగా వినబడలేదు.

అలాంటి చోట ఇల్లు కొనదలచినవారికి కూడా చరిత్ర అక్కరకు వస్తుంది. మూలపత్రం కొనుగోలు దస్తావేజా, కౌలు పత్రమా? వాడకపు మార్పిడికి అనుమతి ఉందా? నేలలో, గోడల్లో రసాయన శేషాలు మిగిలాయా? కార్మికుల బకాయిలు తీరాయా? ఇవి చరిత్రకారుడి ప్రశ్నలే అయినా, జీవితకాలపు పొదుపును ఒక ఇంటి మీద పెట్టేవారికి అంతే అవసరమైన ప్రశ్నలు.

9. హిందూపురం నుంచి తనకల్లు దాకా

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఈ ప్రశ్నలు చిన్న కొలతలో ఎదురవుతాయి. తనకల్లు కదిరి ప్రాంతంలోని మెట్ట మండలం. అవిభక్త అనంతపురం జిల్లా ఒకప్పుడు దేశంలో వేరుశనగను అత్యధికంగా సాగుచేసిన జిల్లాల్లో ఒకటి. కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వచ్చిన వేరుశనగ రకాలు ఆ ఊరి పేరుతోనే రైతులకు పరిచయం. కాయ ఒలిచే మిల్లు, నూనె మిల్లు, గిడ్డంగి, బండ్లు ఆగే ఖాళీ స్థలం ఈ పంట చుట్టూ అల్లుకున్న కట్టడాలు. హిందూపురంలో పట్టుగూళ్ళ మార్కెట్, బెల్లం వ్యాపారం, ధర్మవరంలో మగ్గాలు. వరుస కరవులతో వేరుశనగ సాగు తగ్గింది. మనుషులు బెంగళూరుకు పనులకు తరలారు. మిల్లు భూముల్లో లేచిన అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసే చేతుల్లో ఈ మెట్ట ప్రాంతపు చేతులూ ఉన్నాయి.

ఇటీవల ఈ ప్రాంతం దిశ మారుతోంది. 2019లో పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. పరిశ్రమ వస్తే అద్దె ఇళ్ళకు, వసతిగృహాలకు గిరాకీ వస్తుంది. నేల ధర పెరిగినకొద్దీ పాత మిల్లు ప్రాంగణాలు ప్లాట్ల లెక్కలోకి వస్తాయి. చిన్న పట్టణంలో ఇలాంటి ప్రాంగణం కల్యాణమండపంగానో, గిడ్డంగిగానో, దుకాణాల వరుసగానో మారడం తెలిసిందే. దీన్ని ఎవరూ ‘పునర్వినియోగం’ అని పిలవరు. ఉన్న గోడను వాడుకోవడం అక్కడ సహజమైన పొదుపు. నేల ధర ఇంకా గోడ ధరను పూర్తిగా మింగని చోట్ల భవనం ఇలా బతుకుతుంది. వరంగల్‌లో దాటిపోయిన అదను ఇక్కడ ఇంకా మిగిలి ఉంది.

అందుకు పెద్ద నిధులు అక్కరలేదు. పురపాలక సంఘం లేదా పంచాయతీ స్థాయిలో పాత మిల్లులు, రేషం షెడ్లు, గిడ్డంగులు, మగ్గాల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, ఏ కాలంవో, ఎవరి పేర ఉన్నాయో నమోదు కావాలి. వాటిలో పనిచేసిన హమాలీల, కాయ ఒలిచిన స్త్రీల, మిషను నడిపినవారి మౌఖిక కథనాలను సేకరించాలి. కూలి చీటీలు, కాటా పుస్తకాలు పాతకాగితాల దుకాణానికి చేరకముందే వాటిని భద్రపరచాలి. కళాశాలల చరిత్ర విభాగాలు, తెలుగు శాఖలు చేపట్టదగిన పని ఇది. వృత్తిపదకోశాలకు కూడా ఇందులో ముడిసరుకు దొరుకుతుంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. పాత కర్మాగారం ఇల్లుగా మారడం ప్రధానంగా అభిరుచి వల్ల జరగదు. నేల ధర, భవనానికున్న చట్టరక్షణ, వాడుకదారుల హక్కులు కలిసి దాన్ని నిర్ణయిస్తాయి.

2. బ్యాటర్సీ, హుస్సేన్‌సాగర్ విద్యుత్ కేంద్రాలు ఒకే ఏడాది ఆగినా వాటి గతి వేరైంది. భవనం పనిచేస్తున్నప్పుడో, ఆగిన వెంటనేనో జాబితాలో చేరడం అందులో నిర్ణాయకమైంది.

3. సోహోలో నివసించినవారికి చట్టం హక్కునిచ్చింది, పనిచేసినవారికి ఇవ్వలేదు. బొంబాయిలో పనిచేసినవారికి ఇచ్చిన వాటా సవరణలో కుదించుకుపోయింది. వరంగల్‌లో భవనమూ, వాటా హక్కూ రెండూ నిలవలేదు.

4. ధర్మవరం మగ్గం ఇల్లు వీటన్నిటికీ భిన్నమైన ప్రమాణాన్ని చూపుతుంది. అక్కడ సొంత ఇల్లున్న కుటుంబానికి పనిస్థలం మీద హక్కు పోలేదు. పారిశ్రామిక భవనాల పునర్వినియోగ విధానాన్ని రూపొందించేవారు కార్మికుడి వాటాను ఈ ప్రమాణంతో కొలిచి చూడవచ్చు.

5. కదిరి, తనకల్లు, హిందూపురం వంటి చోట్ల నమోదుకు ఇంకా సమయం ఉంది. నేల ధర పెరిగాక జాబితా తయారుచేస్తే అది రక్షణకు కాక సంస్మరణకే పనికొస్తుంది.

కర్మాగారాన్ని కొని ఇల్లుగా మలచుకునేవారు గోడలతో పాటు ఆ గోడల మధ్య జరిగిన శ్రమకు కూడా వారసులవుతారు. ఆ వారసత్వాన్ని పత్రాల్లో, చట్టంలో, చరిత్రలో నమోదు చేయడమే పునర్వినియోగం అనే మాటకు న్యాయం చేయడం.